తిరిగొచ్చిన ప్రతులు: సొంత ప్రచురణల లెక్క

ఎవరి కోసం రాయాలి, ఎట్లా రాయాలి అన్న ప్రశ్నల మీద మన పత్రికల్లో చాలా చర్చ జరిగింది. జరగవలసిందే కూడా. రాసినదాన్ని అచ్చు వేయించుకోవడంలో ఉన్న కష్టాల గురించి కూడా అడపాదడపా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అచ్చయిన పుస్తకం దుకాణానికి వెళ్ళి, కొన్నాళ్ళు అక్కడ ఉండి, అమ్ముడుపోక మళ్ళీ మన ఇంటికే తిరిగొస్తే ఏం చేయాలన్నది మాత్రం మనం మాట్లాడుకోని విషయం. దీనికి కారణం సిగ్గు. తిరిగొచ్చిన కట్టలను మంచం కిందికి తోసి, ఎవరైనా అడిగితే “ప్రతులు అయిపోయాయండీ” అని చెప్పే రచయితలు నాకు తెలుసు. నేనూ ఆ మాట చెప్పినవాణ్ణే.

ఈ సిగ్గు వల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. డబ్బు పోయిన రచయిత ఎందుకు పోయిందో తెలుసుకోకుండానే రెండో పుస్తకానికి అప్పు చేస్తున్నాడు. అంతకంటె పెద్ద నష్టం, పుస్తకం తిరిగొచ్చింది కనుక జనానికి అది అక్కర్లేదని తీర్మానించుకుని, రాయడమే మానుకుంటున్నాడు. ఈ తీర్మానం తప్పని నా అనుభవం చెబుతున్నది. దుకాణం నుంచి తిరిగొచ్చిన పుస్తకం పాఠకుడి తీర్పు అయివుండవచ్చు. చాలాసార్లు మాత్రం అది పంపిణీ పద్ధతి మీద వచ్చిన ఫిర్యాదు. ఏది ఏదో తేల్చుకోవాలంటే తిరిగొచ్చిన ప్రతులను విప్పి చూడాలి, లెక్క రాయాలి.

విప్పని కట్ట

2018లో నేను ఒక కథల సంపుటి వేశాను. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల జీవితాల మీద రాసిన కథలు. కొన్నేళ్ళపాటు ఆ సాంచాల మధ్య తిరిగి, వాళ్ళు చెప్పగా విని రాసినవి. చీటీ పాడిన డబ్బుతో 500 ప్రతులు వేయించాను. మొత్తం 40,000 రూపాయలు, అంటే ప్రతికి 80 రూపాయలు అయింది. వెల 150 పెట్టాను. మరో జిల్లా కేంద్రంలోని ఒక దుకాణానికి 100 ప్రతులు పార్సిలు చేశాను. ఇంకొక ఊళ్ళోని దుకాణానికి నోటిమాట మీద 50 ఇచ్చాను. మిగిలినవాటిలో కొన్ని సభల్లో అమ్ముడుపోయాయి, కొన్ని సమీక్షలకూ స్నేహితులకూ పోయాయి, కొన్ని ఇంట్లో ఉండిపోయాయి.

2021లో మొదటి దుకాణం నుంచి ఫోను వచ్చింది. “సార్, రూం ఖాళీ జేస్తున్నం. మీ బుక్కులు తీస్కపోండ్రి. లేకుంటె పాత పేపర్లల్ల ఏస్తం” అన్నాడాయన. కోపంగా అనలేదు. కరోనా కాలంలో నెలల తరబడి షట్టరు దించి, అద్దె మాత్రం కట్టిన మనిషి. నేను బస్సెక్కి వెళ్ళాను. అరవై ప్రతులకు లెక్క కట్టి డబ్బిచ్చాడు, నలభై ప్రతులు నా ముందు పెట్టాడు.

ఇంటికి తెచ్చి చూస్తే అందులో ఇరవై విడి ప్రతులు, మరో ఇరవై ఒక కట్ట. ఆ కట్టకు ప్రెస్సువాళ్ళు చుట్టిన గోధుమరంగు కాగితం అట్లాగే ఉంది. పురికొస ముడి కూడా వాళ్ళు వేసినదే. మూడేళ్ళలో ఆ కట్టను ఎవరూ విప్పలేదు.

దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. ఈ ఇరవై ప్రతులను ఏ పాఠకుడు తిరస్కరించాడు? ఒక్కడు కూడా వాటి అట్ట చూడలేదు కదా! అరవై అమ్ముడుపోయాక నాలుగో కట్ట విప్పారు, ఐదో కట్ట వెనక గదిలో ఉండిపోయింది. విడి ప్రతులను చూస్తే నా తప్పు కూడా బయటపడింది. పుస్తకం వెన్ను మీద పేరు వేయించలేదు నేను. పుస్తకాలను నిలువుగా పేర్చే అరలో పేరులేని తెల్లటి వెన్ను ఎవరికి కనబడుతుంది? 120 పేజీల పుస్తకానికి సన్నటి అక్షరాలతోనైనా పేరు పట్టేంత వెన్ను ఉంటుంది. ఆ సంగతి నాకు ప్రెస్సులో తట్టలేదు, దుకాణంలో తట్టలేదు, పుస్తకం తిరిగొచ్చాక తట్టింది.

రెండో దుకాణం కథ ఇంకా చిన్నది. తండ్రి చేతిలోంచి దుకాణం కొడుకు చేతిలోకి వచ్చింది. “మీ పుస్తకాలేవీ మా దగ్గర లేవు సార్, నాన్న ఏమీ చెప్పలేదు” అన్నాడు ఆ అబ్బాయి. అతను అబద్ధమాడాడని నేను అనలేను. ఎందుకంటే నా దగ్గరా కాగితం లేదు. యాభై ప్రతులు, నా వాటా కింద 4,500 రూపాయలు, గాలిలో కలిసిపోయాయి.

ఈ పద్ధతి ఎవరిది?

అమ్మితే డబ్బు, అమ్మకపోతే సరుకు వాపసు అన్నది పుస్తక వ్యాపారంలో ఇప్పుడు సహజ ధర్మంలా కనబడుతుంది. నిజానికి దీనికీ ఒక చరిత్ర ఉంది. 1929 ఆర్థిక సంక్షోభం తర్వాత అమెరికాలో పుస్తక దుకాణాలు కొత్త పుస్తకాలు కొనడానికి భయపడ్డప్పుడు, అమ్ముడుపోని ప్రతులను తిరిగి తీసుకుంటామని అక్కడి ప్రచురణకర్తలు ముందుకొచ్చారు. సంక్షోభం పోయింది, పద్ధతి ఉండిపోయింది. పెద్ద ప్రచురణ సంస్థకు దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు. ఏడాదికి వందల పుస్తకాలు వేసే సంస్థ ఒక పుస్తకం నష్టాన్ని మరో పుస్తకం లాభంతో పూడ్చుకుంటుంది. తిరిగొచ్చినవాటిని గుజ్జు చేసేసినా దానికి నడుస్తుంది.

సొంతంగా వేసుకునే రచయితకు ఉన్నది ఒకే పుస్తకం. పూడ్చుకోవడానికి రెండోది లేదు. అంటే, పెద్ద పెట్టుబడి తన భారాన్ని పలచగా పరచడానికి చేసుకున్న ఏర్పాటు, పెట్టుబడే లేని మనిషి నెత్తిన మొత్తంగా పడుతున్నది. సరుకు డబ్బుగా మారే ఘట్టాన్ని మార్క్స్ 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో ప్రాణాంతకమైన గెంతుతో పోల్చాడు. ఆ గెంతు తప్పితే దెబ్బ తగిలేది సరుకుకు కాదు, దాని సొంతదారుకే అన్నది అక్కడి వాదన. సొంత ప్రచురణలో ఆ సొంతదారు రచయితే.

అలాగని పుస్తకాల దుకాణదారును శత్రువుగా చూడటం పొరపాటు. అతని అద్దె, కరెంటు, పనివాళ్ళ జీతం నెలనెలా ఆగవు. చాలా ఊళ్ళలో పుస్తకాల దుకాణాన్ని బతికిస్తున్నది పాఠ్యపుస్తకాలూ పోటీపరీక్షల గైడ్లూ. మన కథల పుస్తకానికి అతను ఇచ్చే అర అడుగు చోటు కూడా ఒక విధంగా అతని అభిమానమే. అభిమానం మీద నడిచే ఏర్పాటుకు లెక్క ఉండదు. లెక్క లేనిచోట నష్టపోయేది బలహీనుడు. కనుక అభిమానాన్ని కాదనకుండానే లెక్కను తేవాలి.

అరవై అమ్ముడుపోయినా నష్టమే

దుకాణం కమీషను 40 శాతం. 150 రూపాయల పుస్తకం మీద 60 దుకాణానికి, 90 నాకు. అచ్చు ఖర్చు 80 కనుక ప్రతికి 10 రూపాయలు మిగులుతాయని నేను అనుకున్నాను. వంద ప్రతులకు అసలు జరిగినది ఇది.

అచ్చు ఖర్చు 8,000. అరవై ప్రతుల మీద నాకు వచ్చింది 5,400. పంపినప్పుడు పార్సిలు ఖర్చు ప్రతికి 4 చొప్పున 400, తిరిగి తెచ్చుకోవడానికి నలభై ప్రతులకు అదే లెక్కన 160. ఈ 560 పోగా చేతిలో మిగిలింది 4,840. తిరిగొచ్చిన నలభైలో ఆరు అమ్మడానికి పనికిరాకుండా పోయాయి. మంచివి ముప్పైనాలుగు. వాటి అచ్చు విలువ 2,720. రెండూ కలిపితే 7,560. అంటే నూటికి అరవై అమ్ముడుపోయి, మిగిలినవి కూడా ఎప్పటికైనా అచ్చు ఖర్చుకు పోతాయనుకున్నా నాకు 440 రూపాయలు నష్టం. నా బస్సు ఛార్జీ ఇందులో కలపలేదు. మూడేళ్ళు నిలిచిపోయిన డబ్బుకు వడ్డీ కలపలేదు. కథలు రాసిన శ్రమ అసలే కలపలేదు.

దీనికి వ్యాపారులు చెప్పే మందు ఒకటుంది. అచ్చు ఖర్చుకు నాలుగు రెట్లు వెల పెట్టమంటారు. అప్పుడు నా పుస్తకం వెల 320 అవుతుంది. లెక్క సరిపోతుంది, పుస్తకం మాత్రం ఎవరి గురించి రాశామో వాళ్ళ చేతికి అందకుండా పోతుంది. వాపసుల నష్టాన్ని వెలలో కలపడమంటే, దుకాణంలో ఎవరూ విప్పని కట్ట ఖర్చును పుస్తకం కొన్న పాఠకుడి చేత కట్టించడమే. అభ్యుదయ రచయిత ఆ దారి పట్టలేడు. అతనికి మిగిలిన దారి వాపసులను తగ్గించుకోవడం, వచ్చినవాటిని వృథా పోనివ్వకపోవడం.

కాగితం మీద పెట్టవలసినవి

నా యాభై ప్రతులు పోయాక ఒక వకీలు మిత్రుడు నన్ను కూర్చోబెట్టి చెప్పిన సంగతులు రచయితలందరికీ తెలియాలి.

1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 24వ సెక్షను ‘అమ్మకం లేదా వాపసు’ పద్ధతిపై ఇచ్చిన సరుకు గురించినది. సరుకు తీసుకున్నవాడు దాన్ని ఒప్పుకున్నట్టు తెలిపినా, తన సొంత సరుకులా వ్యవహరించినా అది అతను కొన్నట్టే. వాపసుకు గడువు పెట్టుకుని ఉంటే, ఆ గడువు దాటినా వద్దని చెప్పకుండా తన దగ్గరే ఉంచుకున్నప్పుడు కూడా కొన్నట్టే లెక్క. గడువు పెట్టుకోకపోతే ‘సమంజసమైన కాలం’ అన్న మాట వస్తుంది. సమంజసం ఎంతకాలమో తేల్చేది కోర్టు. రెండువేల రూపాయల బాకీకి ఎవరు కోర్టుకు పోతారు? అందుకే గడువు మనమే రాసుకోవాలి.

రెండో సంగతి, బాకీ డబ్బుకు దావా వేయడానికి 1963 నాటి లిమిటేషను చట్టం ప్రకారం సాధారణంగా మూడేళ్ళే వ్యవధి. ఆ వ్యవధి తీరకముందే బాకీదారు ఇంత ఇవ్వాలని రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి వ్యవధి మళ్ళీ మొదలవుతుంది. ఏడాదికోసారి లెక్క కాగితం మీద దుకాణదారు సంతకం తీసుకోవడంలోని అర్థం ఇదే. దావాలు వేయమని నా ఉద్దేశం కాదు. సంతకం ఉన్నచోట దావా అవసరం సాధారణంగా రాదు.

ఇప్పుడు నేను పుస్తకాలు ఇచ్చేటప్పుడు రెండు నకళ్ళతో ఒక చలాను రాస్తాను. ఒకటి దుకాణానికి, ఒకటి నాకు. అందులో ఉండవలసినవి ఇవి: పుస్తకం పేరు, వెల, ఎన్ని ప్రతులు, ఇచ్చిన తేదీ, ‘అమ్మకం లేదా వాపసు పద్ధతిపై’ అన్న మాట, కమీషను శాతం, లెక్క చూసుకునే తేదీలు, ఏటా మార్చి చివర, సెప్టెంబరు చివర, వాపసుకు ఆఖరు తేదీ, ఇచ్చిన నాటి నుంచి ఏడాది, రానుపోను పార్సిలు ఖర్చు ఎవరిది, దుకాణంలో తడిసినా చిరిగినా కనబడకపోయినా ఆ నష్టం ఎవరిది, దుకాణదారు సంతకం, ముద్ర. కాగితం అర పేజీ దాటదు. మొదట్లో ఇది అడగడానికి నాకు మొహమాటం వేసింది. ఆశ్చర్యమేమంటే, ఇప్పటివరకు ఏ దుకాణదారూ కాదనలేదు. ఒకాయన అయితే, “ఇట్ల రాసిచ్చేటోళ్ళు ఉంటె మాక్కూడ నిమ్మళం” అన్నాడు. రచయితల పుస్తకాలు ఎవరివి ఎన్ని ఉన్నాయో తెలియక అతనూ ఇబ్బంది పడుతున్నాడు.

దీంతోపాటు ఒక నోటుపుస్తకం. ప్రతి దుకాణానికీ ఒక పేజీ. ఇచ్చినవి ఒక వరుసలో. అమ్ముడైనవి, వాపసు వచ్చినవి, ఇంకా అక్కడ ఉన్నవి తర్వాతి మూడు వరుసల్లో. ఈ మూడూ కలిపితే మొదటి వరుసలోని అంకె రావాలి. రాకపోతే తేడా ఎంతో ఎర్రసిరాతో రాసి, ఆ రోజే అడగాలి. మూడేళ్ళ తర్వాత అడిగితే దుకాణదారుకు గుర్తుండదు, మనకు ధైర్యం ఉండదు.

పార్సిలు తిరిగొచ్చిన రోజు

కట్టలు వచ్చిన రోజే విప్పాలి. ఇది చిన్న మాటలా కనిపించినా మనసుకు అంత తేలిక కాదు. విప్పి, లెక్కపెట్టి, దుకాణం రాసిన అంకెతో సరిచూడాలి. తేడా ఉంటే వెంటనే తెలియజేయాలి. ఆ తర్వాత ప్రతులను మూడు కుప్పలు చేయాలి.

మొదటి కుప్ప చెక్కుచెదరనివి. వీటిని ఇంకో దుకాణానికి కొత్త ప్రతులుగానే ఇవ్వవచ్చు. రెండో కుప్ప కొద్దిగా మాసినవి, అంచులు పసుపెక్కినవి, అట్ట మీద వెల చీటీలు అంటించినవి. చీటీని గట్టిగా పీకితే అట్ట లేస్తుంది. ఇస్త్రీపెట్టెను దూరంగా పట్టి కొంచెం వేడి తగిలిస్తే బంక మెత్తబడి చీటీ ఊడి వస్తుంది. అంచులు మాసినవాటిని బైండరు దగ్గరికి తీసుకెళితే కటింగు మిషను మీద మూడు వైపులా సన్నగా కోసి ఇస్తాడు. అట్ట పూర్తిగా పాడై, లోపలి పేజీలు బాగుంటే కొత్త అట్ట వేయించవచ్చు. అయితే ముందు లెక్క చూసుకోవాలి. నాలుగు ప్రతుల కోసం అట్ట అచ్చు వేయించడం దండగ. మూడో కుప్ప తడిసినవి, పురుగు పట్టినవి. వీటిని మిగతావాటితో కలిపి ఉంచకూడదు. పురుగు పక్క కట్టకు పాకుతుంది.

నిల్వ చేసేటప్పుడు కట్టలను నేలమీద పెట్టవద్దు. కింద చెక్క వేసి, గోడకు జానెడు దూరంగా, పడుకోబెట్టి పేర్చాలి. మన వానాకాలంలో గోడ చెమ్మను కాగితం పీల్చుకుంటుంది. ఎండిన వేపాకు వేయడం మన పెద్దలు తాళపత్రాల నాటి నుంచి చేస్తున్న పని. ఏడాదికి రెండుసార్లయినా కట్టలు తీసి దులపకపోతే ఏ ఆకూ కాపాడదు.

ఇంతకంటె ముఖ్యమైన పని ఇంకొకటుంది. ప్రతి వాపసు పక్కనా కారణం రాయాలి. కట్ట విప్పలేదా? వెనక గదిలో ఉందా? పుస్తకం జనవరిలో దుకాణానికి చేరి, సమీక్ష అక్టోబరులో వచ్చిందా? పాఠకులు చేతిలోకి తీసుకుని, నాలుగు పేజీలు తిరగేసి పెట్టేశారా? ఈ చివరిది ఒక్కటే మన రాతకు సంబంధించిన సమాచారం. అటువంటి ప్రతిని చూస్తే తెలుస్తుంది, మొదటి పేజీలు నలిగి, మిగతావి మడత పడకుండా ఉంటాయి. నా ఇరవై విడి ప్రతుల్లో అలాంటివి ఐదారు కనబడ్డాయి. మొదటి కథ వాటిలో బాగా నలిగింది. ఆ కథ పొడవెక్కువ, మొదలు నెమ్మది. ఆ సంగతి ఏ సమీక్షకుడూ నాకు చెప్పలేదు. తిరిగొచ్చిన పుస్తకాలు చెప్పాయి.

వెయ్యి ప్రతుల మోజు

వాపసులకు మూలం దుకాణంలో కంటె ముందు ప్రెస్సులో ఉంది. ఆఫ్‌సెట్ ముద్రణలో ప్లేట్లు చేయడానికీ యంత్రాన్ని సిద్ధం చేయడానికీ అయ్యే ఖర్చు వంద ప్రతులకైనా వెయ్యికైనా దాదాపు ఒకటే. కాబట్టి ప్రతులు పెరిగేకొద్దీ ఒక్కో ప్రతికి ఖర్చు తగ్గుతుంది. “ఇంకో ఐదొందలు వేసుకోండి సార్, చవకలో పడుతుంది” అని ప్రెస్సువాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. చవకగా పడిన ప్రతి అమ్ముడుపోకపోతే అంతకంటె ఖరీదైన ప్రతి లేదన్నది వాళ్ళు చెప్పని నిజం. ఇప్పుడు డిజిటల్ ముద్రణలో యాభై, వంద ప్రతులు కూడా వేయించుకోవచ్చు. ప్రతికి ఖర్చు కొంత ఎక్కువే అయినా మంచం కింద మిగిలేది ఉండదు. మొదట నూరో నూటయాభయ్యో వేసి, అవి పోయాక మళ్ళీ వేసుకోవడం మేలు. దుకాణానికి కూడా వంద ఇవ్వడం కంటె పది ఇచ్చి, అవి పోయాక మరో పది ఇవ్వాలి. పది ప్రతుల కట్ట ఎక్కడా విప్పకుండా ఉండిపోదు.

దూరాన ఉన్న ఒక్క పాఠకుడి కోసం ఆ ఊరి దుకాణంలో పది ప్రతులు పెట్టనక్కర్లేదు, తపాలాలో ఒకటి పంపవచ్చు. 2024 డిసెంబరులో తపాలా శాఖ బుక్ పోస్టు సౌకర్యాన్ని తొలగించినప్పుడు చిన్న ప్రచురణలన్నిటికీ దెబ్బ తగిలింది. 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ పేరుతో వేరొక ఏర్పాటు వచ్చింది. మొదలుపెట్టినప్పుడు ప్రకటించిన రుసుము 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. దుకాణం కమీషను 60 రూపాయలతో పోల్చి చూస్తే, నేరుగా పంపడంలో పాఠకుడికీ రచయితకూ ఇద్దరికీ మేలుంది.

ఒంటరిగా కాదు

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక్కో రచయిత ఒక్కడుగా చేయగల పనులు. సమస్య మాత్రం ఒక్కడిది కాదు. తెలుగులో మంచి పుస్తకాలు పాఠకులకు చేరినప్పుడల్లా దాని వెనక ఏదో ఒక సమష్టి ఏర్పాటు ఉంది. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి చందాదారులను ముందే చేర్చుకుని పుస్తకాలు వేసింది. కొనేవాడు ఎవరో తెలిసి వేసిన పుస్తకానికి వాపసు బెడద ఉండదు. విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యానులు ఊరూరా తిరిగి, దుకాణం లేని చోటికి పుస్తకాన్ని తీసుకెళ్ళాయి. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తక్కువ వెలలో మంచి పుస్తకం అందించడమే లక్ష్యంగా పెట్టుకుని పనిచేసింది. వీటి వెనక డబ్బు కంటె కార్యకర్తల శ్రమే ఎక్కువ.

ప్రభుత్వ గ్రంథాలయాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నూ మన దగ్గర వసూలు చేస్తున్నారు. వసూలైన సొమ్ము గ్రంథాలయ సంస్థలకు సక్రమంగా చేరడం లేదన్నది గ్రంథాలయోద్యమంలో ఉన్నవాళ్ళ పాత ఫిర్యాదు. ఆ సొమ్ముతో శాఖా గ్రంథాలయాలు క్రమంగా పుస్తకాలు కొంటే, చిన్న రచయితల ప్రతులు ఇట్లా దుకాణాల వెనక గదుల్లో మగ్గవు. ఇది అడగవలసిన హక్కు. ఒక్కో రచయిత వెళ్ళి అడిగితే సిఫారసు అవుతుంది, సంఘం అడిగితే డిమాండు అవుతుంది.

అంతవరకు సంఘం శాఖలు చేయగల పనులు మూడు నాకు తోస్తున్నాయి. మొదటిది, జిల్లా శాఖ దగ్గర ఒక ఉమ్మడి రిజిస్టరు, ఎవరి పుస్తకం ఎక్కడ ఎన్ని ప్రతులుందో రాసిపెట్టడానికి. ఒక కార్యకర్త నెలకొకసారి దుకాణాలకు వెళ్ళి అందరి లెక్కలూ చూసుకుంటే పదిమంది రచయితల పది బస్సు ఛార్జీలు మిగులుతాయి. రెండోది, శాఖల మధ్య మార్పిడి. కరీంనగరులో కదలని ప్రతులు గుంటూరులో కదలవచ్చు, గుంటూరులో తిరిగొచ్చినవి ఇక్కడ అవసరం కావచ్చు. మూడోది, ఈ పత్రికలో ఒక పేజీ. ఏ పుస్తకం ప్రతులు ఎన్ని మిగిలాయో, ఎంతకు ఇస్తారో సిగ్గుపడకుండా అచ్చు వేసే పేజీ.

ఆ ముప్పైనాలుగు ప్రతులు

చివరగా నా కట్ట సంగతి. పుస్తకం వచ్చిన కొత్తల్లో, నాకు కథలు చెప్పిన కార్మికులలో ఒకాయన అడిగాడు: “సార్, మన పుస్తకం మా దగ్గర ఏడ దొరుకుతది?” నేను మరో జిల్లాలోని దుకాణం పేరు చెప్పాను. ఆయన తలూపి ఊరుకున్నాడు. ఆ దుకాణానికి పోవాలంటే ఆయన ఒక రోజు కూలి వదులుకోవాలి. పుస్తకం తిరిగొచ్చి, పురికొస ముడి విప్పేదాకా ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు.

ముప్పైనాలుగు ప్రతులూ సంచిలో వేసుకుని సిరిసిల్ల వెళ్ళాను. ఊళ్ళో ఏ దుకాణంలోనూ నా పుస్తకం లేదు కనుక వెల తగ్గించినా ఎవరి వ్యాపారానికీ నష్టం లేదు. 100 రూపాయలకు ఇస్తానని కార్మిక సంఘం ఆఫీసులో చెప్పి, కూలి డబ్బులు చేతికొచ్చే రోజు చూసుకుని అక్కడే కూర్చున్నాను. పాఠకుడికి 50 తగ్గింది, నాకు దుకాణం ఇచ్చే 90 కంటె 10 ఎక్కువ వచ్చింది. రెండు నెలల్లో నాలుగుసార్లు వెళితే పందొమ్మిది ప్రతులు పోయాయి. ఇద్దరు కలిసి కొన్నవి కూడా ఉన్నాయి అందులో. అడిగినాయన తన ప్రతికి డబ్బిచ్చే తీసుకున్నాడు. ఊరికే ఇస్తానంటే ఒప్పుకోలేదు.

పదిహేను ప్రతులు ఇంకా నా దగ్గర ఉన్నాయి. వాటి లెక్క నోటుపుస్తకంలో ఉంది. ఎవరైనా అడిగితే, అయిపోయాయని ఇప్పుడు చెప్పడం లేదు.